కబేళా కార్మికుల కథ రాసిన మనిషి



ప్రతి విచారణ గురువు గదిలోనూ ఒక పాత, లావుపాటి పుస్తకం ఉంటుంది. అది జ్ఞానస్నానాల రిజిస్టరు. బిడ్డ ఏ రోజు పుట్టింది, ఏ రోజు జ్ఞానస్నానం పొందింది, తల్లిదండ్రులెవరు, జ్ఞాన తల్లిదండ్రులెవరు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. బడికి కావాలన్నా, పెళ్లికి కావాలన్నా మీరు వచ్చి అడుగుతారు. గురువు ఆ పుస్తకం తెరిచి, చూసి, కాగితం రాసి, సంతకం చేసి, ముద్ర వేస్తాడు. రెండు నిమిషాల పని.

1906లో అమెరికాలో వెలువడిన ఒక నవలలో ఇటువంటి కాగితం ఒకటి కనిపిస్తుంది. వలస వచ్చిన ఒక పేద కతోలిక కుటుంబం తమ పిల్లవాణ్ణి ఫ్యాక్టరీలో చేర్చాలనుకుంటుంది. వయసు చాలదు. తల్లి గురువు దగ్గరకు వెళ్తుంది. గురువు ఆ పిల్లవాడి వయసు రెండేళ్లు పెంచి సర్టిఫికేట్ ఇస్తాడు. నవలలో ఆ గురువుకు పేరు లేదు. ఆ ముచ్చట ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. రచయిత దాని మీద వ్యాఖ్యానం కూడా చేయలేదు. అయినా ఆ పుస్తకం చదివిన గురువెవరూ ఆ వాక్యాన్ని సులువుగా దాటిపోలేరు.

ఆ నవల పేరు ది జంగిల్, అంటే అడవి. రాసినవాడు అప్టన్ సింక్లెయిర్. ఆయన కతోలికుడు కాడు. మన శ్రీసభకు మిత్రుడూ కాడు. అయినా ఆయన జీవితం మన కుటుంబాలు తెలుసుకోదగినది.

సింక్లెయిర్ 1878 సెప్టెంబర్ 20న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో పుట్టాడు. తండ్రి మద్యం అమ్మే వ్యాపార ప్రతినిధి. అమ్మిన సరుకే చివరకు ఆయన్ను తినేసింది. తాగుడు వల్ల ఇంట్లో డబ్బు నిలిచేది కాదు. చవక అద్దె గదుల్లో, నల్లులు కుట్టే పరుపుల మీద ఆ కుటుంబం కాలం గడిపింది. తల్లి ఎపిస్కోపల్ సభకు చెందిన నిష్ఠాపరురాలు. మద్యమే కాదు, కాఫీ, టీ కూడా ముట్టేది కాదు. ఆమె పుట్టింటివారు మాత్రం సంపన్నులు. పిల్లవాడు కొన్నాళ్లు అద్దె గదిలో, కొన్నాళ్లు తాతగారి మేడలో పెరిగాడు. కొందరికి ఇంత ఎందుకు ఉంది, కొందరికి ఏమీ ఎందుకు లేదు అన్న ప్రశ్న అప్పుడే ఆయన మనసులో నాటుకుంది. జీవితాంతం ఆ ప్రశ్న ఆయన్ను వదలలేదు.

కుటుంబం న్యూయార్క్ చేరాక, పద్నాలుగో ఏడు నిండబోతుండగా సిటీ కాలేజీలో చేరాడు. హాస్య పత్రికలకు జోకులు, పిల్లలకు చవక రకం సాహస కథలు రాసి ఫీజులు కట్టుకున్నాడు. 1897లో పట్టా పుచ్చుకున్నాడు. 1900లో పెళ్లి అయింది, మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. గొప్ప నవలలు రాయాలని పంతం పట్టాడు గాని, రాసినవి అమ్ముడుపోలేదు. ప్రిన్స్‌టన్ దగ్గర ఒక చిన్న చెక్క ఇంట్లో భార్య, పసిబిడ్డతో గడిపిన చలికాలంలో బిడ్డకు న్యుమోనియా వచ్చింది. చేతిలో డబ్బు లేదు. ఆ చలి, ఆ భయం తరువాత ఆయన నవలలోకి నడిచి వచ్చాయి. ఆ రోజుల్లోనే సోషలిస్టు మిత్రుల పరిచయం కలిగింది. చిన్ననాటి విశ్వాసం సడలిపోయింది. అయినా క్రీస్తు ప్రభువు మీద అభిమానం ఆయనకు చివరివరకూ పోలేదు.

ఇక చికాగో సంగతి. 1865 క్రిస్మస్ రోజున ఆ నగరంలో యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే మహా పశువుల సంత తెరుచుకుంది. పశ్చిమ రాష్ట్రాల నుంచి రైళ్ల మీద పశువులు, పందులు, గొర్రెలు అక్కడికి వచ్చేవి. చుట్టూ కబేళాలు, మాంసం డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలు. 1900 నాటికి అక్కడ 25 వేలకు పైగా జనం పనిచేస్తున్నారు. మొదట ఐరిష్, జర్మన్ వలసదారులు, తరువాత పోలిష్‌వారు, స్లోవాక్‌లు, లిథువేనియన్లు వచ్చారు. వీరిలో ఎక్కువమంది కతోలికులే.

లిథువేనియన్ల గురించి ఒక మాట చెప్పాలి. అప్పట్లో వారి దేశం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1864 నుంచి 1904 వరకు నలభై ఏళ్లపాటు వారి భాషను వారి లిపిలో అచ్చువేయడం నిషేధం. ప్రార్థన పుస్తకాలను సైతం సరిహద్దు అవతల అచ్చువేయించి దొంగచాటుగా తెచ్చుకునేవారు. ప్రార్థన పుస్తకం కోసం జైలుకు వెళ్లడానికీ వెనుదీయని జనం అది. అటువంటివారు పొట్టకూటి కోసం సముద్రం దాటి చికాగో చేరారు.

1904 జులైలో కబేళా కార్మికులు సమ్మె చేశారు. సెప్టెంబరుకల్లా సమ్మె ఓడిపోయింది. అప్పీల్ టు రీజన్ అనే సోషలిస్టు వారపత్రిక సంపాదకుడు సింక్లెయిర్‌కు 500 డాలర్లు బయానాగా ఇచ్చి, ఆ కార్మికుల మీద నవల రాయమన్నాడు. ఆ శరదృతువులో సింక్లెయిర్ చికాగో వెళ్లి ఏడు వారాలు ఉన్నాడు. వేషం వేయవలసిన అవసరం ఆయనకు కలగలేదు. ఒంటిమీద ఉన్నవే పాత బట్టలు. చేతిలో కూలివాళ్లు పట్టుకునే అన్నం డబ్బా ఒకటి ఉంటే చాలు, ఎక్కడికైనా వెళ్లవచ్చని గ్రహించాడు. పగలు ఫ్యాక్టరీల్లో తిరిగాడు, రాత్రుళ్లు కార్మికుల ఇళ్లలో కూర్చుని వారి మాటలు విన్నాడు. వైద్యులతో, న్యాయవాదులతో, మతగురువులతో కూడా మాట్లాడాడు.

ఒక ఆదివారం సాయంకాలం ఒక సారా దుకాణం వెనుక గదిలో లిథువేనియన్ల పెళ్లి విందు జరుగుతుంటే చూశాడు. గోడకు ఆనుకుని నిలబడి, రాత్రి పొద్దుపోయేవరకు చూస్తూనే ఉన్నాడు. తన నవలలోని మనుషులు ఆయనకు అక్కడ దొరికారు. 1904 క్రిస్మస్ రోజున రాయడం మొదలుపెట్టాడు.

కథ ఆ పెళ్లితోనే మొదలవుతుంది. పెళ్లికొడుకు యూర్గిస్ మంచి బలశాలి. పెళ్లికూతురు ఓనా సన్నని పిల్ల. మన పెళ్లిళ్లలో చదివింపులు ఉన్నట్టే వారికీ ఒక ఆచారం ఉంది. విందుకు వచ్చినవారు పెళ్లికూతురితో నాట్యం చేసి, శక్తికొద్దీ డబ్బు వేస్తారు. ఊళ్లో అయితే ఆ డబ్బుతో ఖర్చు తీరి, కొత్త కాపురానికి కాస్త మిగిలేది. చికాగోలో కుర్రకారు తిని, తాగి, ఆడి, చదివించకుండా జారుకుంటారు. పెళ్లి రాత్రే ఆ జంట అప్పులో పడుతుంది. కొత్త దేశంలో పాత కట్టుబాటు తెగిపోయిందని ఈ ఒక్క సంగతితో రచయిత చూపించాడు.

తరువాత ఒక్కొక్కటే వస్తాయి. ముసలి తండ్రికి పని దొరకాలంటే జీతంలో మూడోవంతు ఇప్పించినవాడికి ముట్టజెప్పాలి. ఆ చలి గదుల్లో, ఉప్పునీటిలో నిలబడి ఆయన దగ్గి దగ్గి చనిపోతాడు. ఇల్లు 1,500 డాలర్లని, నెలకు 12 కడితే చాలని కొంటారు. చదువు రాదు. వడ్డీ వేరే కట్టాలని కొంతకాలం తరువాత గాని తెలియదు. యూర్గిస్ చీలమండ బెణికితే, మంచం మీద ఉన్నన్నాళ్లూ జీతం లేదు. ఓనాను పనిచోట అధికారి బెదిరించి పాడుచేస్తాడు. యూర్గిస్ వాణ్ణి కొట్టి జైలుకు వెళ్తాడు. తిరిగి వచ్చేసరికి ఇల్లు పోయింది. ఓనా కాన్పులో మరణిస్తుంది. పసికొడుకు వీధిలో నిలిచిన బురదనీటిలో మునిగి చనిపోతాడు.

ఇక మన సర్టిఫికేట్ పిల్లవాడు. వాడి పేరు స్టానిస్లోవస్. పందికొవ్వు నింపే డబ్బాలను ఒకదాని తరువాత ఒకటి యంత్రం కింద పెట్టడం వాడి పని. గంటకు 5 సెంట్లు. చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవాడు. మొదటి చలికాలంలోనే వేళ్లు కొంకర్లు పోయి, మూడు వేళ్ల చివరలు శాశ్వతంగా పనికిరాకుండా పోయాయి. మంచు కురిసిన రోజున పనికి వెళ్లనని ఏడిస్తే, ఇంట్లోవాళ్లే కొట్టి పంపేవారు. చివరకు వేరే ఫ్యాక్టరీలో పెద్దవాళ్లకు బీరు మోస్తూ, తాను కూడా తాగి ఒక మూల నిద్రపోయాడు. చూసుకోకుండా తలుపులు మూసి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఎలుకలు వాణ్ణి చంపాయి.

ఈ నవల 1905లో ఆ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. పుస్తకంగా వేయడానికి ఐదుగురు ప్రచురణకర్తలు నిరాకరించారు. చివరకు డబుల్‌డే, పేజ్ కంపెనీ తమ మనుషులను చికాగో పంపి, విషయాలు నిజమేనని తెలుసుకున్నాక 1906 ఫిబ్రవరిలో అచ్చువేసింది. దేశం అదిరిపోయింది. కాని కార్మికుల కష్టం చూసి కాదు. నవలలో మాంసం ఎలా తయారవుతుందో చెప్పిన పేజీలు చాలా తక్కువ. జబ్బు పశువులు, కుళ్లిన మాంసానికి రసాయనాలు, సాసేజ్‌లలో కలిసిపోయే చచ్చిన ఎలుకలు. జనం పట్టుకున్నది ఆ పేజీలనే. తమ పళ్లెంలోకి వస్తున్నదేమిటో తెలిసి వారికి కడుపులో తిప్పింది. మాంసం అమ్మకాలు పడిపోయాయి.

అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు సింక్లెయిర్ సోషలిజం నచ్చలేదు. అయినా విషయం తేల్చాలని పట్టుబట్టాడు. వ్యవసాయ శాఖవారి విచారణ కంపెనీలను వెనకేసుకొచ్చినట్టు తోచి, వేరే ఇద్దరిని పంపాడు. ఒకరు న్యూయార్క్ సంఘసేవకుడు జేమ్స్ రేనాల్డ్స్. మరొకరు కార్మిక శాఖ కమిషనర్ చార్లెస్ నీల్. ఈ నీల్ కతోలికుడు, వాషింగ్టన్‌లోని కతోలిక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించినవాడు. ఫ్యాక్టరీల్లోని మురికి నిజమేనని వారు నివేదిక ఇచ్చారు. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం మీద, ఆహారం, మందుల స్వచ్ఛత చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. పుస్తకం వచ్చి అప్పటికి నాలుగు నెలలే.

ఒక నవల నాలుగు నెలల్లో రెండు చట్టాలు తెచ్చిందంటే మనం సంతోషిస్తాం. సింక్లెయిర్ సంతోషించలేదు. ఆయన గురిపెట్టింది జనం హృదయానికి, తగిలింది మాత్రం వారి కడుపుకు. ఈ మాట ఆయనే విచారంగా చెప్పుకున్నాడు. ఆ చట్టాల్లో పశువును కోయకముందు పరీక్షించాలని ఉంది, కోసిన తరువాత పరీక్షించాలని ఉంది. కోసేవాడి పనిగంటల గురించి, తెగిన వేలి గురించి ఒక్క మాట లేదు. తనిఖీ ఖర్చు సైతం కంపెనీల మీద పడలేదు, ప్రభుత్వ ఖజానా భరించింది. ప్రభుత్వ ముద్ర పడిన మాంసం మీద జనానికి తిరిగి నమ్మకం కలిగి, పెద్ద కంపెనీలు లాభపడ్డాయి. కొవ్వు డబ్బా శుభ్రపడింది. దాని పక్కన నిలబడిన పిల్లవాడు అక్కడే నిలబడి ఉన్నాడు.

సింక్లెయిర్ ఆ తరువాత మరి అరవై రెండేళ్లు బతికాడు, సుమారు 90 పుస్తకాలు రాశాడు. పుస్తకం మీద వచ్చిన డబ్బుతో న్యూజెర్సీలో ఒక ఉమ్మడి నివాసం స్థాపిస్తే, 1907లో అది కాలిపోయింది. బొగ్గు గని కార్మికుల మీద, చమురు వ్యాపారుల మీద నవలలు రాశాడు. 1923లో కాలిఫోర్నియాలో సమ్మె చేస్తున్న రేవు కార్మికుల సభలో రాజ్యాంగంలోని హక్కులను చదువుతూ అరెస్టయ్యాడు. 1934లో ఆ రాష్ట్ర గవర్నరు పదవికి పోటీచేసి, ఎనిమిది లక్షల డెబ్బై వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని కూడా ఓడిపోయాడు. 1943లో పులిట్జర్ బహుమతి వచ్చింది. తండ్రిని తినేసిన మద్యం మీద కోపం తీరక, 1956లో దాని మీద ఒక పుస్తకం రాశాడు. 1967 డిసెంబరులో మాంసం తనిఖీ చట్టాన్ని మరింత కట్టుదిట్టం చేస్తున్నప్పుడు, అధ్యక్షుడు జాన్సన్ ఆయన్ను పిలిపించాడు. 89 ఏళ్ల వృద్ధుడు చక్రాల కుర్చీలో వచ్చి ఆ సంతకం చూశాడు. 1968 నవంబరు 25న కన్నుమూశాడు.

ఆయన లోపాలను దాచనవసరం లేదు. శ్రీసభతో సహా అన్ని సభలనూ తీవ్రంగా నిందిస్తూ ఒక పుస్తకమే రాశాడు. అందులో న్యాయం తక్కువ, ఆవేశం ఎక్కువ. నవల చివరి భాగమంతా ఉపన్యాసమే. యూర్గిస్ సోషలిస్టు సభలోకి అడుగుపెట్టగానే అతని ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికినట్టు రాశాడు. వ్యవస్థ మారితే మనిషి తనంతట తాను మారిపోతాడని ఆయన నమ్మకం. మనిషి ఆకలి రొట్టెతోనే తీరేది కాదని, పాపం ఫ్యాక్టరీలోనే కాక హృదయంలో కూడా ఉందని మన విశ్వాసం చెబుతుంది.

అయితే మనల్ని మనం కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. పదమూడవ లియో పోపుగారు రేరుమ్ నొవారుమ్ అనే విశ్వలేఖను 1891 మే 15న వెలువరించారు. సోషలిజం మందు కాదన్నారు. దానితోపాటు కార్మికుడికి కుటుంబం గడిచేంత జీతం న్యాయంగా రావాలన్నారు. కార్మికులు సంఘాలు పెట్టుకోవచ్చన్నారు. శరీరం, మనసు ఎదగకుండా పిల్లలను ఫ్యాక్టరీలకు పంపరాదన్నారు. నవలలోని గురువు సర్టిఫికేట్ రాసేనాటికి ఈ విశ్వలేఖ వచ్చి పదేళ్లు దాటింది. ఆ మాట ఆయన బల్ల దాకా చేరలేదా? చేరినా, ఎదుట నిలబడిన తల్లి కన్నీళ్ల ముందు నిలవలేదా?

ఆ గురువును దుర్మార్గుడనలేను. కాగితం ఇవ్వకపోతే ఆ కుటుంబం పస్తుంటుంది. ఇస్తే పిల్లవాడు నలిగిపోతాడు. ఆయన జాలిపడి అబద్ధం రాశాడు. కాని ఆ జాలి చివరకు ఎవరికి ఉపయోగపడింది? చవకగా పిల్లవాడు దొరికిన కంపెనీకి. జాలి మంచిదే. దానికి న్యాయం తోడు లేకపోతే, పేదవాడి పేరున బలవంతుడికి సేవ చేస్తుంది.

నా గురుత్వ జీవితం తొలి ఏళ్లలో ఒక తల్లి ఇలాగే వచ్చింది. దూరపు ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో కొడుక్కి పని చూశారట, వయసు పెంచి రాయమంది. నేను రాయలేదు. అబద్ధం పాపమని నచ్చజెప్పి పంపాను. ఆ సాయంకాలం నా కర్తవ్యం నేను చేశాననే అనుకున్నాను. నెల తిరక్కుండా ఆ పిల్లవాడు అదే పనికి వెళ్లాడని తెలిసింది. కాగితం మరెక్కడో దొరికింది. ఆ ఇంట్లో అప్పు ఎంత ఉందో, తండ్రి ఏమయ్యాడో నేను అడగలేదు. నా రిజిస్టరు శుభ్రంగా ఉంది. పిల్లవాడు మాత్రం వెళ్లిపోయాడు. నేను కూడా డబ్బానే చూసుకున్నాను.

చికాగోలో ఆ కబేళాల వెనుక ఉన్న విచారణల గురువులు చాలా ఏళ్లు ఎవరి భాషవారితో వారు, ఎవరి గుడి వారిదిగా ఉండేవారు. పోలిష్ గురువు, లిథువేనియన్ గురువు పలకరించుకోవడమే అరుదు. 1939 జులైలో ఆ విచారణలు, కార్మిక సంఘాలు కలిసి ఒక పొరుగువారి సమితిగా ఏర్పడ్డాయి. అందుకు పూనుకున్నవారు జోసెఫ్ మీగన్ అనే కతోలికుడు, సౌల్ అలిన్‌స్కీ అనే యూదుడు. ఆ నెలలోనే కబేళా కార్మికుల మహాసభ జరిగింది. చికాగో సహాయక మేత్రాణులు బెర్నార్డ్ షీల్ గారు వేదిక ఎక్కి కార్మిక నాయకుడు జాన్ లూయిస్ పక్కన నిలబడ్డారు. కంపెనీలు యూనియన్లను గుర్తించే రోజులు ఆ తరువాత వచ్చాయి. నవల వచ్చిన ముప్పై మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. ఆలస్యమే. కాని ఈసారి గురువులు ఇచ్చింది దొంగ సర్టిఫికేట్ కాదు, ప్రజల పక్కన నిలబడి చెప్పిన సాక్ష్యం. 1971లో ఆ పశువుల సంత మూతపడింది.

పనివాడికి ఇవ్వకుండా ఆపిన కూలి దేవుని చెవిన పడుతుందని పునీత యాకోబు గారు తన లేఖలో హెచ్చరించారు. ఏటా మే 1న మనం శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ చేస్తాం. ఆ రోజు పూజలో మన పనిముట్లను ఆశీర్వదించమని అడుగుతాం. ఈసారి పండుగకు ముందు ప్రతి కుటుంబం ఒక పని చేయాలని కోరుతున్నాను. మన ఇంట్లోకి వచ్చే వస్తువు శుభ్రంగా ఉందా అని ఎప్పుడూ చూస్తాం. దాన్ని తయారుచేసిన చేయి ఎవరిది, ఆ చేతికి ఎంత ముట్టింది అని కూడా ఒక్కసారి అడుగుదాం. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి దగ్గర, మన పొలంలో కూలి దగ్గర మొదలుపెడదాం.

మీ విచారణలో ఏ పిల్లవాడైనా బడి మాని పనికి వెళ్తుంటే, మీ గురువుకు వచ్చి చెప్పండి. ఆ ఇంటికి గురువుతో కలిసి వెళ్లండి. ఆ తల్లి కాగితం కోసం వచ్చేవరకు ఆగవద్దు.